చార్ల్‌స్టన్‌లో ఎక్కడ తినాలి, ఏం చూడాలి

ఫిలడెల్ఫియా,
6 మే 1979, ఆదివారం

ఆల్బర్తా పిన్నిగారికి,

నన్ను మీరెప్పుడూ చూడలేదు. మీ అక్క ఫ్లోరీన్ కూతుర్ని, వెర్నెల్‌ని. నాకు ఇరవయ్యేడేళ్ళు. ఇక్కడి లైబ్రరీలో పనిచేస్తాను. మీ ఊరి ఇడెల్లా గారు అమ్మకి ఏటా పంపే క్రిస్మస్ కార్డు మీద మీ అడ్రసు దొరికింది. ప్రతి కార్డు చివరా ఆవిడ మీ అడ్రసు రాస్తారు, అమ్మ అడక్కపోయినా.

జూలై పద్దెనిమిదిన మా చర్చి వాళ్ళు బస్సు మాట్లాడుకుని మీ ఊరు వస్తున్నారు. అందులో నేనూ వస్తున్నాను. బుధవారం మధ్యాహ్నం దిగి, శనివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. అక్కడ ఏం తినాలి, ఏం చూడాలి అని అమ్మని అడిగాను. గిన్నె తోమడం ఆపకుండానే, "తినడానికీ ఏం లేదు, చూడ్డానికీ ఏం లేదు," అంది. ముప్ఫయ్యొక్కేళ్ళ క్రితం వదిలిన ఊరి గురించి ఆవిడ నాతో ఇంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మీ నగరం వాళ్ళు పంపిన పుస్తకం నా ముందే ఉంది. నిండా మేడలూ గులాబీలే. అవి కావు నాకు కావలసినవి. మీరు ఎక్కడ తింటారు, ఏం చూస్తారు? దయచేసి రాయండి. తెలుసుకోవాలని చిన్నప్పటినుంచీ ఉంది.

మీ
వెర్నెల్


చార్ల్‌స్టన్,
14 మే

అమ్మా వెర్నెల్,

మీరూ గారూ ఏమిటి, నేనేమైనా బడి పంతులమ్మనా? నువ్వు అను చాలు.

కవరు మీద ఫిలడెల్ఫియా ముద్ర చూశాను. అక్క చేతిరాత ఉంటుందేమోనని అటూ ఇటూ తిప్పాను. అన్నీ మిషను మీద కొట్టిన అక్షరాలే. నేను అక్కకి రాసినవన్నీ విప్పకుండానే తిరిగొచ్చేవి. అలా పన్నెండేళ్ళు రాసి మానేశాను. మానేసి పదేళ్ళయింది. అక్కకి మోకాలి నొప్పి ఇంకా ఉందా? వానకి ముందు లాగుతుందనేది.

తిండి సంగతి. బుధవారం అయితే ఇడెల్లా దగ్గరికే. టొమాటోలూ పొగబెట్టిన మాంసమూ వేసి ఎర్రన్నం వండుతుంది, మెతుక్కి మెతుకు అంటదు. పక్కన వేయించిన చేప. వెనకనుంచి వెళ్ళండి, ముందు తలుపు ఉబ్బిపోయి తెరుచుకోదు. ఎక్కువ మాట్లాడుతుంది, ఊ కొడితే చాలు. గురువారం కూపర్ అక్కచెల్లెళ్ళ దగ్గర బొబ్బర్లన్నం, నువ్వుల బిళ్ళలు. పెద్దావిడకి చెవుడు, ఏది కావాలన్నా చిన్నావిడని అడగండి. శుక్రవారం సాయంత్రం మా చర్చి పెద్ద డీకన్ మానిగో దగ్గర పీతలు. పాత పేపర్లు పరిచి కుమ్మరిస్తాడు, పగలగొట్టుకోడానికి సుత్తి ఆయనే ఇస్తాడు. మంచి బట్టలు వేసుకెళ్ళకండి.

ఇక చూడ్డానికి. పెద్ద రోడ్డు పక్కన గడ్డి బుట్టలు అల్లే ఆడవాళ్ళ దగ్గర కాసేపు కూర్చో. కొననిదే ఫొటో తీస్తే తిడతారు, తిట్టాలి కూడా. మేడలు కనిపిస్తే తల పైకెత్తకు, ఇనప గేట్లు చూడు. అవి మనవాళ్ళు, నల్ల కమ్మర్లు, కొలిమిలో కొట్టి చేసినవి. మా సందు చివర పాత గోడ ఉంది, కిందనుంచి నాలుగో వరసలో కొన్ని ఇటుకల మీద వేళ్ళ గుర్తులుంటాయి. తడి ఇటుకలు మోసిన పిల్లలవి, బానిసల కాలం నాటివి. నీ చిటికెన వేలు పెట్టి చూడు, పట్టదు. పున్నమికి సముద్రం పొంగి వీధుల్లోకి వస్తుంది, చెప్పులు చేత్తో పట్టుకు నడుస్తాం. నువ్వు వచ్చేది పున్నమి దాటాక కాబట్టి నీ చెప్పులకి భయం లేదు. బండి గుర్రాలకి లంగోటీలు కడతారు, పేడ రోడ్డు మీద పడకూడదట. అదీ చూడు. బండివాడు మా ఇంటి ముందు ఆపి ఇందులో ఒక విధవరాలు దయ్యమై తిరుగుతోందని పై ఊళ్ళవాళ్ళకి చెప్తుంటాడు. నేను వరండాలో బఠాణీలు ఒలుస్తూ వింటుంటాను.

మీ అమ్మని కూడా ఆ బస్సెక్కించు. ఇద్దరే కదా, మంచం చాలకపోతే నేను కింద పడుకుంటాను. నాకు యాభై ఎనిమిది, ఆవిడకి అరవై రెండు. దాచుకోవడం దేనికి, మా అక్కని ఒక్కసారి చూడాలని ఉంది.

నీ పిన్ని
ఆల్బర్తా


ఫిలడెల్ఫియా,
22 మే

ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం ఎంత పనిచేసిందో విను. దాన్ని పట్టిక వేసి టైపు చేసి, ముప్ఫై ఎనిమిది కాపీలు తీసి, ఆదివారం అందరికీ పంచాను. ఈ యాత్ర ఏర్పాట్లన్నీ నావే, ఆ మాట నీకు చెప్పలేదనుకుంటా. మా సంఘం అధ్యక్షురాలు పట్టిక చదివి, పీతలకి సుత్తి కూడా వాళ్ళే ఇవ్వడం చాలా బాగుంది అంది.

అసలు వింత అది కాదు. అమ్మ చదివింది. ఇడెల్లా పేరు దగ్గర ఆగింది. ఆ రాత్రి వంటింట్లో బల్లమీద పెట్టిన పట్టికలో, అడుగున బస్సెక్కేవాళ్ళ పేర్ల కింద తన పేరు రాసుకుంది. ముప్ఫై ఎనిమిదో పేరు మా అమ్మదే, పిన్నీ! నేనేమైనా అంటే ఆ పేరు కొట్టేస్తుందని భయం.

నీ దగ్గర తేల్చుకోవలసినవి కొన్ని. ఇడెల్లా గారికి భోజనశాల ఉందని అమ్మ ఎప్పుడూ అనలేదు. ముప్ఫై ఎనిమిది మంది ఒకేసారి పడతారా? టెలిఫోన్ పుస్తకం తెప్పించి వెతికాను, ఇడెల్లా పేరు మీద గానీ మానిగో పేరు మీద గానీ హోటళ్ళు లేవు. కూపర్ అక్కచెల్లెళ్ళ చోటు ఎన్నింటికి తెరుస్తారు? తలకి ఎంత తీసుకుంటారు?

శుక్రవారం పొద్దున ఖాళీగా ఉందని వించ్‌బర్న్ మేడ చేర్చాను. నగరం పుస్తకంలో మొదటి పేజీ అదే. ఆ ఇంటివాళ్ళ వంటల పుస్తకం కూడా అక్కడ అమ్ముతారట.

నీ
వెర్నెల్


చార్ల్‌స్టన్,
29 మే

వెర్నెల్,

ముప్ఫై ఎనిమిది!

ఇడెల్లాకి భోజనశాల లేదు. ఇడెల్లాకి వంటిల్లుంది. అందులో నాలుగు కుర్చీలు, ఒకదానికి కాలు విరిగింది. కూపర్ అక్కచెల్లెళ్ళది తెరిచే చోటు కాదు, ఇల్లు, తలుపు కొడితే తెరుస్తారు. డీకన్ మానిగో దగ్గర అంటే ఆయన పెరడు. ఎంత తీసుకుంటారని ఆయన్ని అడిగావంటే మనసు కష్టపెట్టుకుంటాడు.

తప్పు నీది కాదు. నువ్వు ఎక్కడ తింటావని అడిగావు, ఆకలేస్తే నేను ఎక్కడికి వెళ్తానో అదే రాశాను. మా చిన్నతనంలో కింగ్ వీధిలో మేం నల్లవాళ్ళం బట్టలు కొనుక్కోవచ్చు, చెప్పులు కొనుక్కోవచ్చు, తొడుక్కుని చూడకుండా. కూర్చుని తినడానికి మాత్రం లేదు. ఊళ్ళో ఆకలేస్తే తెలిసినవాళ్ళ వంటిల్లు గుర్తు తెచ్చుకునేవాళ్ళం. ఎవరింట్లో ఏ రోజు ఏం వండుతారో ప్రతివాళ్ళకీ కంఠతా వచ్చు. ఇప్పుడు ఎక్కడైనా కూర్చోవచ్చు. చట్టం మారి పదిహేనేళ్ళయింది. బల్లమీద తెల్లగుడ్డ పరిచిన చోటికి నేను రెండుసార్లు వెళ్ళాను. అన్నం ముద్దగా ఉంది, వడ్డించిన కుర్రాడు మంచివాడు. అంతే, మళ్ళీ ఇడెల్లా దగ్గరికే.

ఇడెల్లాకి చెప్పక తప్పలేదు. నీ ఉత్తరమూ, అందులో నువ్వు పెట్టిన పట్టికా చూపించాను. తన పేరు అచ్చులో చూసుకుంది, ముప్ఫై ఎనిమిది అనే అంకె చూసింది, నన్ను చూసింది. మూడు రోజులైంది, మాట్లాడలేదు. ఇడెల్లా మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం ఈ సందులో ఎవరూ ఎరగరు. పక్కింటివాళ్ళు ఒంట్లో బాగాలేదా అని నన్ను అడుగుతున్నారు.

ఇంకో మాట. వించ్‌బర్న్ మేడని పట్టికలోంచి కొట్టెయ్యి. ఈ రోజే, ఈ ఉత్తరం కింద పెట్టకముందే కొట్టెయ్యి. ఎందుకని నన్నడక్కు. అక్క దాన్ని చూడకూడదు.

నీ పిన్ని
ఆల్బర్తా


ఫిలడెల్ఫియా,
6 జూన్

పిన్నీ,

ఆలస్యమైపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికే కొత్త పట్టిక అమ్మ చేతిలో ఉంది. శుక్రవారం వరస దాకా చదివింది. సిరా కలం తీసుకుని తన పేరు మీద గీత గీసింది, కాగితం చిరిగింది. మేడ తీసేస్తున్నానమ్మా అన్నాను. తీసెయ్యి, నా పేరు మాత్రం మళ్ళీ రాయకు అంది.

ఆ ఇంట్లో ఏం జరిగిందని అడిగాను. "మీ పిన్నిని అడుగు. ఆవిడకే బాగా తెలుసు," అంది. మెట్లెక్కి గదిలోకి వెళ్ళిపోయింది.

ఇడెల్లా గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. అందర్నీ ఏదో ఒక హోటల్లో సర్దుతాను, అది చిన్న సంగతి. నాకు అమ్మ రావాలి. ఆవిడ పేరు రాసుకున్న ఆ వారం రోజులూ ఇంట్లో ఏదో పాట సన్నగా పాడుకుంటూ తిరిగింది. అది ఏ పాటో నాకు తెలియదు, ఇరవయ్యేడేళ్ళలో నేను వినలేదు. పిన్నీ, నన్ను అడక్కు అన్నావు. అడుగుతున్నాను.

నీ
వెర్నెల్


చార్ల్‌స్టన్,
14 జూన్

అమ్మా వెర్నెల్,

ముందు ఇడెల్లా. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి నా వరండాలో ఒక కాగితం పడేసింది. సందులో తొమ్మిది ఇళ్ళు, ఇంటికి నలుగురు చొప్పున, మిగిలిన ఇద్దరు తన దగ్గర. ఏ ఇంట్లో ఏం వండాలో కూడా తనే తేల్చేసింది, పాస్టరు గారి భార్య దగ్గర చేప ముట్టుకోవద్దని అడుగున రాసింది. నీ హోటలు రద్దు చేసుకో. "అచ్చులో పేరు వేశాక పెట్టకపోతే ఫిలడెల్ఫియాలో పరువేముంటుంది నాకు?" అంటోంది.

ఇక నువ్వడిగింది.

మా అమ్మ, మీ అమ్మమ్మ, పేరు డోర్కస్. వించ్‌బర్న్ మేడలో ఇరవయ్యారేళ్ళు వంట చేసింది. సెలవుల్లో మమ్మల్నిద్దర్నీ వెంట తీసుకెళ్ళేది. అమ్మ చేసిన బెండకాయ రొయ్యల పులుసు కోసం బోస్టన్ నుంచి, ఇంకా పైనుంచి కూడా జనం వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు.

నలభై ఎనిమిది మార్చిలో మంగళవారం నాడు అమ్మ పోయింది. శుక్రవారం మట్టిచేశాం. అదే సాయంత్రం మిసెస్ వించ్‌బర్న్ పువ్వులు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చుంది. అమ్మ గురించి మంచి మాటలే చెప్పింది. తర్వాత, రేపు రాత్రికి అతిథులున్నారు, పులుసు ఎవరు చేస్తారని అడిగింది. అక్క లేచి తలుపు తీసి పట్టుకుంది. మేముంటున్న రెండు గదులూ వాళ్ళవే. ఆ మాట ఆవిడ అనలేదు, గోడలవైపు ఒకసారి చూసింది.

శనివారం నేను అమ్మ ఆప్రన్ కట్టుకుని వెళ్ళి వండాను. ఆదివారం అక్క రైలెక్కింది. ప్లాట్‌ఫారం మీద అన్న మాట ఇదీ: "అమ్మ మీద మట్టి ఆరలేదు, నువ్వప్పుడే వాళ్ళకి వడ్డించావు." నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అయినా ఉత్తరాలు నడిచేవి, పొడిపొడిగా. యాభై ఏడులో మిసెస్ వించ్‌బర్న్ వంటల పుస్తకం వేసింది. అందులో అమ్మ పులుసు, పైన ఆవిడ పేరు. అక్క మీ ఊళ్ళో ఏదో షాపు అద్దాల వెనక దాని అట్ట మాత్రం చూసింది, పులుసు పేరు అట్టమీదే ఉంది. చివరికి అమ్మ చేతిని కూడా వాళ్ళకిచ్చేశావు అని రాసింది. అదే ఆఖరు.

అవును, రాసిచ్చాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆవిడ నా తలమీద నిలబడి ఉంటే, నా చేత్తోనే రాసిచ్చాను. వారం తిరక్కుండా ఆ పని మానేశాను. ఏం రాశానో అక్క అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు, చెప్దామని రాసినవి తిరిగొచ్చాయి. నీకు మాత్రం చెప్పను. అది నువ్వు మోసుకెళ్ళే కబురు కాదు.

నీ పిన్ని
ఆల్బర్తా


ఫిలడెల్ఫియా,
25 జూన్

పిన్నీ,

లైబ్రరీలో పనిచేసేదానికి "నీకు చెప్పను" అని రాస్తే ఊరుకుంటుందా? నాలుగు రోజుల్లో ఆ వంటల పుస్తకం తెప్పించాను. నలభయ్యొకటో పేజీ. పొరపాటు లేకుండా అక్షరం అక్షరం చదివి శనివారం వండాను.

బెండకాయలు చిన్నముక్కలు కోసి చన్నీళ్ళలో వేయమంది, వేశాను. రొయ్యలూ అప్పుడే వేయమంది, అవీ వేశాను. గట్టిగా మూతపెట్టి ముప్పావుగంట కదపొద్దంది, కదపలేదు. మూత తీసి గరిటె ఎత్తితే గిన్నె కూడా కాస్త లేచింది. సాగింది పిన్నీ, పొయ్యినుంచి బల్లదాకా సాగింది. రొయ్యలు పంటికింద పడితే పెన్సిలు రబ్బరే. నాకు వంట రాదు, తప్పు నాదే అనుకున్నాను.

అమ్మ బజారునుంచి వచ్చి, వాసన చూసి, గుమ్మంలో ఆగిపోయింది. ఏమిటది అంది. పుస్తకం చూపించాను. కోప్పడుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ సంచి కూడా దించకుండా చెంచా తీసుకుని, కొంచెం నోట్లో పెట్టుకుంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని నలభయ్యొకటో పేజీ రెండుసార్లు చదివింది.

"ఇది గోడకి కాగితాలంటించుకోడానికి," అంది. "ఆల్బర్తా ఇవ్వలేదు. వెర్నెల్, అది వాళ్ళకి ఇవ్వనేలేదు."

మరి మిసెస్ వించ్‌బర్న్ కనిపెట్టలేదా అన్నాను. ఆవిడ ఎప్పుడైనా పొయ్యి వెలిగిస్తే కదా కనిపెట్టడానికి అంది. ఇరవై రెండేళ్ళుగా ఆ పుస్తకం కొన్నవాళ్ళంతా ఇదే వండుకుని, ఇదే గొప్ప వంట అనుకుని తింటున్నారు కాబోలు అంది. అంటూనే నవ్వు మొదలుపెట్టింది. కుర్చీ పట్టుకుని, కూర్చుని, నవ్వుతూనే ఉంది. ఎక్కడ ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు. నేను సంచి తీసి పక్కన పెట్టాను.

నిన్న రాత్రి నువ్వు రాసింది అడిగి తీసుకుని చదివింది, తర్వాత ఒక కాగితం మడిచి ఇచ్చి, నా ఉత్తరంతో పాటు పంపమంది. చదవలేదు. చదవాలని ఎంత ఉందో నీకు చెప్పనక్కర్లేదు.

నీ
వెర్నెల్


ఫిలడెల్ఫియా,
24 జూన్

ఆల్బర్తా,

పొగబండి దగ్గర నేనన్న మాటకి జవాబు లేకపోవడం నిజమే. గదులు వాళ్ళవి, వాటిలో ఉండాల్సింది నువ్వు, నాకు టిక్కెట్టు ఉంది. టిక్కెట్టున్నదాన్ని కాబట్టి అనగలిగాను. ఈ మాట ఇరవయ్యేళ్ళ క్రితమే తెలుసు, ఒప్పుకోడానికి మనసు రాలేదు. అందుకే కవర్లు విప్పలేదు, విప్పితే ఒప్పుకోవాలని.

నీ పులుసు తిన్నాను. అంత దరిద్రంగా ఎలా రాశావే? నాకైతే అలా రాయడం చేతనయ్యేది కాదు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ దాన్ని నేను ఒక్కసారి కూడా వండలేదు, కోపం వల్ల అనుకుంది వెర్నెల్. కోపం కాదు. నాకు రాదు. పెద్దదాన్నని రొయ్యలు ఒలిచే పని నాది, వెనక మెట్లమీద, వీపు పొయ్యివైపు. నువ్వు చిన్నదానివి, ఏడుస్తావని అమ్మ పక్కనే పెట్టెమీద నిలబెట్టేది. ఏం వేసిందో ఎప్పుడు వేసిందో అంతా నువ్వు చూశావు. నేను విన్నాను అంతే. తప్పని నాలుక చెప్పింది గానీ, ఒప్పేమిటో చెప్పలేకపోయింది.

ఉల్లిపాయలు వేగాక ఒక్కసారి పెద్దగా చప్పుడయ్యేది, తర్వాత అమ్మ చాలాసేపు ఏమీ చేసేది కాదు. అప్పుడేం వేసేది? రాసి పంపు. ఇక్కడ నేర్చుకుని వస్తాను.

బస్సులో ముప్ఫై ఎనిమిదో పేరు మళ్ళీ నాదే.

ఫ్లోరీన్


చార్ల్‌స్టన్,
2 జూలై

అక్కా,

రాయను. ఆ పులుసు నేను కాగితం మీద ఒక్కసారే రాశాను, ఏమైందో తిన్నావుగా.

ఇడెల్లా నిన్ను తన ఇద్దరిలో ఒకరుగా వేసుకుంది, నేను కొట్టేశాను. మూడు రోజులు మాట్లాడదేమో, మాట్లాడకపోనీ. డీకన్ మానిగోకి రొయ్యలు చెప్పాను. బుధవారం వాటిని వెర్నెల్ ఒలుస్తుంది, వెనక మెట్లమీద. నువ్వు లోపలికి వచ్చి, పొయ్యివైపు మొహం పెట్టి, నా పక్కన నిలబడు.

నీ చెల్లెలు
ఆల్బర్తా